ఇంకో ట్రాక్టరు తగిలించమనే మనిషి

మొన్న కంబదూరులో బస్సు దిగేసరికి కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతూ కనిపించాడు. నల్ల కళ్లద్దాలు, మడత నలగని తెల్లచొక్కా, మెడలో ఎర్రతాడుకు వేలాడే విజిలు. పైన పెద్ద అక్షరాల్లో అశ్రునివాళి. కింద ‘మాకు దారి చూపిన మహనీయుడు’ అని. చదివి, నాకు తెలియకుండానే పైకి నవ్వేశాను. పక్కనే టీ కాస్తున్న మనిషి తలెత్తి చూసి, నన్ను బల్ల మీద కూర్చోమని గ్లాసు చేతికిచ్చాడు.

“నిన్నగాక మొన్న పోయినాడు సార్. అన్నం తిని పండుకున్నోడు తెల్లారి లేయలేదు. పుణ్యాత్ముడు. ఎవరికీ బరువు కాకుండా పోయినాడు.”

ఆ మనిషికి సంబంధించి బరువు అన్న మాట వినబడితే నాకు ఒళ్లు మండుతుంది. టీ సగంలో వదిలేసి లేచాను.

ఆయన్ని మా వైపు అందరూ పైలట్ అనేవాళ్లు. అసలు పేరు ఆ ఫ్లెక్సీ మీదే మొదటిసారి చదివాను. ఇక్కడ రాయను. రాసేంత గౌరవం నా దగ్గర లేదు.

మా కొండల మీద గాలిమరలు నిలబెడుతున్న కాలమది. వాటి రెక్కలు, ఇనుప గొట్టాలు, కొసన కూర్చోబెట్టే మిషన్ పెట్టెలు ఊళ్లంత పొడవున్న ట్రైలర్ లారీల మీద వచ్చేవి. పల్లెదారుల్లో వాటికి ముందు ఒక జీపు నడవాలి. ఎదురొచ్చే బస్సును పక్కకు ఆపాలి, అడ్డమొచ్చిన కరెంటు తీగ ఎత్తించాలి, వేపకొమ్మ కొట్టించాలి. ఆ జీపులో కూర్చునేది ఈయన. పని అంతవరకే. కానీ ఎర్రజెండాలు కట్టిన జీపులో ముందు పోతుంటే, వెనక వచ్చే లారీని తానే లాక్కొస్తున్నానని ఆయనకు ఎప్పుడో నమ్మకం కుదిరిపోయింది.

లారీ ఎక్కడైనా ఆగితే చాలు, జీపు దిగి దాని చుట్టూ నడిచేవాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూసి, ఒక టైరును అరచేత్తో చరిచి, తల వంచి విని, “ఊ” అనేవాడు. టైరు ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. బండికి లెక్కలేనన్ని టైర్లుండేవి. ఆయన చరిచేది ఒక్కదాన్నే, అదీ నీడవైపున్న దాన్ని.

మా ఊరు రాకముందు వంక మీద ఒక పాత కల్వర్టు ఉంది. దాని పక్కన, ఇన్ని టన్నులకు మించిన బండ్లు పోరాదని రోడ్డువాళ్లు పాతిన బోర్డు ఉండేది. పైలట్ వచ్చిన మొదటి నెలలోనే ఆ అంకె మీద తన బొమ్మా ఫోన్ నంబరూ ఉన్న కాగితం అంటించుకున్నాడు. లారీ అక్కడికి రాగానే చెప్పులు విడిచి, కల్వర్టు నడుమ నిలబడి, రెండు కాళ్ల మీద గట్టిగా ఎగిరి దూకేవాడు. కింద ఏమీ కదల్లేదని జనానికి చేత్తో చూపించి విజిలు ఊదేవాడు. లారీ కదిలేది. మా ఇంట్లో పాలిచ్చే ఎనుము కన్నా తేలికైన మనిషి దూకితే నిలిచిన కల్వర్టు వంద ఎనుముల బరువుకు కూడా నిలుస్తుందని ఆయన లెక్క. అది చూడటానికి జనం పని మానుకొని వచ్చేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. గాలిమరల పని ముగియకముందే ఆ కల్వర్టు నెర్రె ఇచ్చింది. మా ఊరికి బస్సు మానేసింది. ఆయన్ని అడిగితే, “పాతదప్పా, దానికి వయసైపోయింది” అన్నాడు, ముసలావిడ చావుకు వచ్చినవాడిలాగా.

ఎవరైనా “లారీ మీద ఎంత బరువుంటాదన్నా?” అంటే ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. “బరువనేది మనసులో ఉంటాదప్పా.”

బండ్లకు అంటించిన రేకు మీద కంపెనీ రాసిన బరువుల సంగతి ఎత్తితే ఇంకా హుషారు వచ్చేది. “ఆ రేకును నమ్ముతావా? కంపెనీవోడు భయంతో సగమే రాస్తాడు. డాక్టరు ఉప్పు తగ్గించుకో అంటాడు సూడు, అట్ల. నువ్వేమన్నా తగ్గిస్తాండావా?” అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆగేలోపల ఇంకో టీ చెప్పేవాడు, మరొకరి ఖాతాలో.

మా అన్న మస్తాన్ ఆ నవ్వేవాళ్లలో లేడు. అన్నకు ఒక ట్రాక్టరుండేది. చెనక్కాయ చేను ఎండిపోయిన సంవత్సరాల్లో మా ఇంటిని నిలబెట్టింది దాని బాడుగలే. ట్రాలీలో ఇంకో నాలుగు మూటలు వేయమని ఎవరైనా అడిగితే అన్న ఒప్పుకునేవాడు కాదు. “లాగుతాదిలే మస్తానూ” అంటే, “లాగుతాది. దిగేటప్పుడు ఆపల్ల కదా? ఎనక బరువు ముందర బండిని తోస్తే యాడికి పోతాము?” అనేవాడు. నేను రాయదుర్గంలో లెక్కల పంతులుని. లాగగలిగేది వేరు, ఆపగలిగేది వేరు, మోయగలిగేది వేరు అని నాకు తెలిసింది బడిలో కాదు, అన్న పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని.

కొన్నేళ్ల కిందట, వేసవి సెలవుల్లో నేను ఊళ్లో ఉన్నాను. మిషన్ పెట్టె మోసుకొచ్చిన లారీ ఒకటి మా ఊరి వెనక మిట్ట ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. వెనక చక్రాలు కంకరలో తిరుగుతున్నాయి తప్ప బండి ముందుకు రావడం లేదు. డ్రైవరు ఉత్తరాది మనిషి. దిగి, చక్రాలకు రాళ్లు పెట్టి, పుల్లర్ లారీ వచ్చేదాకా బండి కదపనన్నాడు. ఇలాంటి చోట పెద్ద లారీకి ముందు తగిలించి లాగడానికే చేసిన బండి అది. ఆ హిందీ నాకు అర్థమైనంత వరకు పైలట్‌కు చెప్పాను.

“రేపొస్తాది, మాపొస్తాది. అంతవరకూ ఈడ కుక్క కాపలా కాయల్లనా? ట్రాక్టర్లు తెప్పీండప్పా” అన్నాడు పైలట్.

రెండు ట్రాక్టర్లు వచ్చాయి. లారీ మూతికి చెరోవైపు గొలుసులు కట్టారు. విజిలు మోగింది. ట్రాక్టర్ల చక్రాలు గుంతలు తవ్వాయి, పొగ లేచింది, లారీ జానెడు కూడా జరగలేదు. పైలట్ చిరాకు పడలేదు. ఆయనకు ఇలాంటప్పుడు తోచేది ఒకే ఒక ఆలోచన.

“ఇంకోటి తగిలీండి.”

అలా మా అన్నకు కబురొచ్చింది. లారీ దారి మూసేసింది, అవతల పశువులకు మేత పోవాలి, అందుకని అన్న వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అన్న ట్రాక్టరును లారీ ముందుకు వెనక్కి పెట్టి, ట్రాలీ తగిలించే కింది హుక్కుకు గొలుసు వేశాడు. పైలట్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఆడ కాదప్పా. పైన మడక తగిలించే పిన్నుకు ఎయ్. ఎనక చక్రాల మీద బరువు పడతాది, పట్టు వస్తాది.”

ఆయన మాటల్లో నేను ఎప్పటికీ క్షమించలేనిది ఇదే. అది పూర్తిగా అబద్ధం కాదు. పైన కడితే వెనక చక్రాలకు పట్టు వస్తుంది నిజమే. ఎక్కడినుంచి వస్తుంది? ముందు చక్రాల మీద ఉండాల్సిన బరువు వెనక్కి పోతే వస్తుంది. ముందు తేలిపోయిన ట్రాక్టరు గుర్రంలా లేచి, నడిపేవాడి మీదే బోర్లా పడుతుంది. ఎవరి దగ్గరో సగం మాట విని, మిగతా సగం వినే ఓపిక లేక వచ్చేసిన మనిషి ఆయన.

“పైన వద్దన్నా, మూతి లేస్తాది” అన్నాడు అన్న.

“లేస్తే ఇద్దర్ని బానెట్టు మీద కూచోబెట్టు.”

“మనుషుల్ని పెట్టను.”

“ఏమప్పా మస్తాన్, నీది ట్రాక్టరా, మేకపిల్లనా? ఆ ట్రాక్టర్లోళ్లిద్దరూ మొగోళ్లు మాదిరి కట్టి నిలబడలేదా?”

అన్నా, వద్దు పోదాం రా, అన్నాను నేను. లారీ డ్రైవరు కూడా దగ్గరికొచ్చి రెండు చేతులూ ఊపి వద్దన్నాడు. పైలట్ నా వైపు తిరిగాడు. ఆ నల్లద్దాల్లో నేను చిన్నగా కనిపించాను.

“సారూ, నీ లెక్కలు బడికాడ పెట్టుకో. ఇది రోడ్డు.”

చుట్టూ ఊరంతా ఉంది. అందరూ అన్ననే చూస్తున్నారు. అన్న దిగి గొలుసు పైకి మార్చాడు. నన్ను దూరం పొమ్మని చేత్తో సైగ చేశాడు. పైలట్ విజిలు ఊదాడు.

అన్న క్లచ్ వదిలాడు. గొలుసు బిగిసింది. ఎర్రటి బానెట్టు ఎండలో నిట్టనిలువుగా లేవడం చూశాను. అరుద్దామని నోరు తెరిచేలోగా అంతా అయిపోయింది. అన్న పక్కకు దూకాడు గానీ కుడికాలు బయటికి రాలేదు. లారీ డ్రైవరు జాకీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ట్రాక్టరును ఎత్తి, రాళ్లు పేర్చి, అన్నను చంకల కింద చేతులేసి బయటికి లాగింది ఆయనే. నేను అన్న తల పట్టుకున్నాను. పైలట్ జీపులో కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు.

అనంతపురం ఆసుపత్రిలో మోకాలి కిందికి కాలు తీసేశారు. నాలుగో దినమో ఐదో దినమో పైలట్ చీనీకాయల సంచితో వచ్చాడు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఒక కాయ ఒలిచి, తొనలు ఒక్కొక్కటే తనే తిన్నాడు. అన్న కాలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

“ట్రాక్టరు సూసొచ్చినా మస్తానూ. స్టీరింగు వంగింది గానీ ఇంజను బాగుండాది” అన్నాడు. ఇంకో తొన నోట్లో వేసుకుని, “క్లచ్ మెల్లగా వదలల్ల. నేను చెప్తానే ఉంటి” అన్నాడు.

మా వదిన మాబున్ని ఆ మాట విని లేచింది. సంచి తీసి ఆయన ఒళ్లో పెట్టి, వాకిలి చూపించింది. బయట వరండాలో ఆయన ఎవరితోనో “పాపం, బాధలో ఉండారు” అని చెప్పడం మాకు వినిపించింది.

ట్రాక్టరు బాగై వచ్చింది. బ్రేకులు కుడికాలి కింద ఉంటాయి కాబట్టి అన్న ఇక నడపలేడు. వదిన నేర్చుకుంది. అన్న గట్టు మీద కూర్చుని చెబుతుంటే, ఎండిన చెరువులో రోజూ తిప్పింది. బాగుచేసిన మెకానిక్‌ను పట్టుకుని, ఖాళీ ట్రాక్టరు బరువెంత, వెనక ఎంత తగిలించొచ్చు, మిట్ట మీద అందులో ఎంత తగ్గించుకోవాలి అని విసుగొచ్చేదాకా అడిగింది. ఆయన చెప్పినవన్నీ నోటికి పెట్టుకుంది.

మరుసటి వేసవిలో వదిన మేత తెస్తుంటే నేను మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాను. అదే మిట్ట మీద మళ్లీ ఒక లారీ. మళ్లీ రెండు ట్రాక్టర్లు, గొలుసులు. పైలట్ మమ్మల్ని దూరంనుంచే చూసి చెయ్యి ఊపాడు. నేను సిగ్గుతో తల తిప్పుకుంటాడని అనుకున్నాను. సిగ్గు ఆయన జీపు ఎప్పుడూ ఎక్కలేదు.

“మాబున్నమ్మా, మంచి టైముకు వచ్చినావు. ట్రాలీ ఇప్పేసి ఇట్ల రామ్మా. మస్తాన్ ఎట్లుండాడు?” అన్నీ ఒకే ఊపిరిలో.

వదిన ఇంజను ఆపి దిగింది. ఆయన ముందుకు పోయి నిలబడింది.

“లారీ మీద బరువెంత?”

“బరువనేది మనసులో...”

“టన్నుల్లో చెప్పు.”

“అదంతా నీకేంటికమ్మా?”

“నా మొగునికి చెప్పలేదు. నాకు చెప్పు.”

పైలట్ లారీ వైపు చూశాడు. టైరు దగ్గరికి పోయి అరచేత్తో చరిచాడు. అలవాటు మరి. “యాభయ్యో అరవయ్యో ఉంటాది” అన్నాడు.

“యాభయ్యా, అరవయ్యా?”

“రెండింటికీ తేడా ఏముండాదిలేమ్మా.”

“తేడా పది టన్నులుండాది. నా ట్రాక్టరు రెండు టన్నులు.”

ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఇన్ని లారీలను మా ఊళ్ల మీదుగా నడిపించుకొచ్చిన మనిషి, ఏ ఒక్కదాని బరువూ ఎన్నడూ అడిగి తెలుసుకోలేదని ఆ నిమిషంలో అందరికీ అర్థమైంది. దాచింది ఏమీ లేదు. దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

వదిన ట్రాక్టర్లవాళ్ల వైపు తిరిగింది. “మీ ఇండ్లల్లో చెప్పొచ్చినారా?” అని అడిగింది, అంతే. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఒకడు దిగి గొలుసు విప్పాడు. రెండోవాడూ విప్పాడు. పైలట్ విజిలు ఊదాడు. ఎవరూ కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదాడు. మేకలు కాస్తున్న ముసలాయన ఒకడు, “ఏమప్పా, ఎవర్ని పిలుస్తాండావు?” అన్నాడు.

ఆ లారీ డ్రైవరు తనే కంపెనీకి ఫోను చేశాడు. మేము వేపచెట్టు కింద కూర్చున్నాం. ఊళ్లోంచి ఎవరో టీ తెప్పించారు. అది తాగడం అయిందో లేదో పుల్లర్ లారీ వచ్చింది. ఎక్కడో దూరంనుంచి కాదు, కొండ అవతలి నుంచి. ముందు తగిలించారు. పెద్ద లారీ చప్పుడు కూడా పెద్దగా లేకుండా మిట్ట ఎక్కిపోయింది. పైలట్ దాని పక్కనే పరుగెత్తుతూ, చేతులు ఊపుతూ, విజిలు ఊదుతూ ‘లెఫ్ట్, లెఫ్ట్’ అని అరిచాడు. పుల్లర్ డ్రైవరు ఆయన వైపు చూడను కూడా లేదు.

దాని వెంట వచ్చిన కుర్ర ఇంజనీరును పట్టుకుని అడిగాను, ఆ బండి పోయిన ఏడు ఎక్కడుండేదని.

“ఇక్కడే ఉంది సార్. మొదటినుంచీ ఇదే సైట్లో ఉంది. ఫోన్ చేస్తే వచ్చేది. ఆయనే వద్దంటాడు, నేను చూసుకుంటా, నేనుండగా దండగ అని.”

“దానికి ఆయనకేమైనా మిగులుతుందా?”

“ఏం మిగలదు సార్. ఆయనకు ట్రిప్పుకింత అని ఇస్తాం. పుల్లర్ వచ్చినా అంతే, రాకున్నా అంతే.”

మిట్ట దిగుతుంటే ఆ మాట వదినకు చెప్పాను. వదిన అంది, “దుడ్లకు చేసినాడేమో అనుకుంటిని. దుడ్లకు కూడా కాదా?”

నేను ఇన్నాళ్లూ ఆయన్ని దొంగ అనుకున్నాను. దొంగకు కనీసం ఒక అక్కర ఉంటుంది. ఈయనకు కావలసింది విజిలు ఊదితే ఏదో ఒకటి కదలడం. దానికోసం మా అన్న కాలు పోయింది.

ఫ్లెక్సీ చూసి ఊరికి వచ్చి ఆ సంగతి చెబితే అన్న కొయ్యకాలు దగ్గరికి లాక్కున్నాడు. “పోయొద్దాం రా” అన్నాడు. ఎందుకన్నా అంటే, “ఆయన పెండ్లాము ఒగతే ఉంటాది” అన్నాడు. కొయ్యకాలు తగిలించుకుని, నేను పక్కింట్లో అడిగి తెచ్చిన మోటారుబండి వెనక కూర్చున్నాడు. నేను గొణుక్కుంటూనే నడిపాను.

కంబదూరులో ఆయన ఇల్లు చిన్నదే. ఆయన భార్యను చూడటం నాకదే మొదలు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. చాప మీద కూర్చుని ఉంది. మస్తాన్ అని చెప్పగానే అన్న కాలి వైపు చూసింది. ఆయన ఏనాడూ చూడని చోటికి ఆమె చూపు నేరుగా వెళ్లింది.

“మీ గురించి చెప్పేటోడు నాయనా” అంది. “మిట్ట మీద ట్రాక్టరు పల్టీ కొడితే, కింద నుంచి తానే నిన్ను బయటికి లాగినానని. తాను లేకపోతే బతికేవాడే కాదని. అట్లనే కదా?”

నేను పళ్లు బిగబట్టాను. ఇలాంటప్పుడు మనుషులు ఏమంటారో నాకు తెలుసు. అన్న ఆమె వైపే చూస్తూ, మెల్లగా, ఒక్కో మాటా తూచి చెప్పాడు.

“లేదమ్మా. నన్ను లాగింది లారీ డ్రైవరు. మీ ఆయన అప్పుడు జీపులో కూచోనుండె.”

పక్క గదిలో ఎవరో దగ్గారు. ఆమె తల దించుకుని చాప పోగులు సర్దింది. కోపం లేదు, ఏడుపు లేదు.

“నాకు తెలుసు నాయనా” అంది. “వచ్చినోళ్లందరికీ ఆయన చెప్పినవన్నీ చెప్పి అడుగుతాండా. అందురూ ఔను, ఔను అని పోతాండారు. ఒగరన్నా నాతో నిజం మాట్లాడతారేమో అని చూస్తాండా.”

లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అన్న తాగి చెంబు నాకిచ్చాడు. ఆమె అన్నకు ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఇంగ చెప్పు” అంది. “మొదట్నుంచీ చెప్పు.”

అన్న చెప్పాడు.